బోర్డు మారింది, నంబరు ఎవరిది?

కొలత పరికరంలో మెయిన్ బోర్డు చెడిపోతుంది. మరో బోర్డు వేస్తారు. స్విచ్చి వేయగానే తెర వెలుగుతుంది, మెనూలన్నీ వస్తాయి, ఇచ్చిన సిగ్నల్ కనిపిస్తుంది. హమ్మయ్య అనుకుని పరికరం వివరాల పేజీ తెరిస్తే, సీరియల్ నంబరు ఉండాల్సిన చోట వరసగా సున్నాలు. లేదంటే ఇంకెక్కడి పరికరానిదో నంబరు. వెనక ప్లేటు మీద ఒకటి, లోపల మెమరీలో మరొకటి. ప్లేటు మీది నంబరును ఆ బోర్డులో రాసెయ్యొచ్చా?

ఆసిల్లోస్కోపులు, మల్టీమీటర్లు, స్పెక్ట్రమ్ ఎనలైజర్లు బాగుచేసేవాళ్లకూ, వాటికి సర్టిఫికెట్లు ఇచ్చే కాలిబ్రేషన్ ల్యాబులవాళ్లకూ మధ్య ఇది పాత పేచీ. రక్షణ ప్రయోగశాలలు, ఎలక్ట్రానిక్స్ కర్మాగారాలు, ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్న హైదరాబాద్‌లో ఈ రెండు వర్గాలకూ చేతినిండా పనే. ఇక్కడ వాదించుకునే ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు. బాబాయి సోల్డరింగ్ ఐరన్ పట్టి తల నెరిసినవాడు, సొంత రిపేరు బెంచి ఉంది. అమ్మాయి కాలిబ్రేషన్ ల్యాబులో క్వాలిటీ మేనేజరు. పండక్కి కలిసినా వీళ్ల మాట ఇక్కడికే వస్తుంది.

బాబాయి: రాయాల్సిందే. ఇందులో ఆలోచించడానికేముంది అమ్మాయ్? ప్లేటు మీది నంబరు ఫ్యాక్టరీలో వేశారు. కొన్న బిల్లులో అదే, కాలేజీ స్టాకు రిజిస్టరులో అదే, మీ సర్టిఫికెట్లో అదే. ఫ్యూజు మారిస్తే నంబరు మారలేదు, డిస్‌ప్లే మారిస్తే మారలేదు. మెయిన్ బోర్డు మారిస్తే మాత్రం ఎందుకు మారాలి?

అమ్మాయి: ఫ్యూజుకు జ్ఞాపకం లేదు బాబాయ్. మెయిన్ బోర్డుకు ఉంది. ఆ మెమరీలో నంబరు ఒక్కటే ఉండదు. కాలిబ్రేషన్ స్థిరాంకాలుంటాయి, డబ్బు పెట్టి కొన్న ఆప్షన్లుంటాయి, ఇంతకుముందు ఎన్నిసార్లు సవరించారన్న లెక్క ఉంటుంది. అవన్నీ పోయి, నువ్వు నంబరు ఒక్కటే తిరిగి రాసి పంపితే, అది నా బెంచి మీదికొచ్చి ‘నేను పాతదాన్నే’ అంటుంది. నేను నమ్మాలా?

బాబాయి: నన్ను నమ్మకపోతే తయారుచేసినవాళ్లను నమ్ము. ప్రాసెసర్ బోర్డు మార్చాక మోడలు, సీరియల్ నంబరు మళ్లీ ఎక్కించమని వాళ్ల సర్వీసు మాన్యువళ్లే చెబుతాయి. విడిభాగంగా వచ్చే బోర్డు ఏ పరికరంలోకి వెళుతుందో వాళ్లకు ముందే తెలియదు కదా! అందుకే ఖాళీగా పంపి, బిగించినచోట రాసుకోమంటారు.

అమ్మాయి: వాళ్లు చెప్పేది వాళ్ల సర్వీసు సెంటర్లకు. అక్కడ రాసినవాడి పేరు, తేదీ, పాత బోర్డు ఏమైందీ అన్నీ దస్తావేజుల్లో ఉంటాయి. తర్వాత కాలిబ్రేషన్ చేసి గానీ బయటికి పంపరు. నంబరు రాయడం ఆ వరసలో ఒక మెట్టు. మిగతా మెట్లన్నీ వదిలేసి ఈ ఒక్క మెట్టు ఎక్కితే అదే పని అవుతుందా?

బాబాయి: సరే, నంబరు లోపల లేకపోతే కొంపలు మునుగుతాయా? హెచ్‌పీ 34401ఎ మల్టీమీటరు తీసుకో. ఆరున్నర అంకెల మీటరు, మీ ల్యాబులోనూ ఉంటుంది. నువ్వెవరని కంప్యూటరు నుంచి అడుగు, సీరియల్ నంబరు దగ్గర సున్నా అని చెబుతుంది. ఎప్పుడడిగినా సున్నాయే. దాని నంబరు వెనక ప్లేటు మీద తప్ప ఇంకెక్కడా లేదు. అయినా దాన్ని నమ్మని ల్యాబుందా?

ఇక్కడ పాఠకులకు చిన్న వివరణ. 1987లో వచ్చిన ఐఈఈఈ 488.2 ప్రమాణం ప్రకారం, కంప్యూటరుకు కలిపిన పరికరం ‘స్టార్ ఐడీఎన్’ అనే ప్రశ్నకు నాలుగు ముక్కల్లో జవాబివ్వాలి. తయారీదారు, మోడలు, సీరియల్ నంబరు, లోపలి సాఫ్ట్‌వేర్ వెర్షన్. నంబరు చెప్పలేని పరికరం ఆ స్థానంలో సున్నా పెట్టొచ్చు. బాబాయి చెప్పిన మీటరు చేసేదదే. దాని తర్వాతి తరం 34461ఎ మాత్రం ‘ఎంవై’తో మొదలయ్యే నంబరు చెబుతుంది. ఆ రెండక్షరాలు మలేషియాను సూచిస్తాయి.

అమ్మాయి: సున్నా చెప్పే మీటరుతో నాకు తగాదా లేదు. తెలియదని నిజం చెబుతోంది. ప్లేటు చూసి మనిషి నంబరు టైపు చేస్తాడు, పక్కన ఇంకొకరు సరిచూస్తారు. నంబరు చెప్పే పరికరం వచ్చేసరికి మా సాఫ్ట్‌వేరు తనే అడిగి తెలుసుకుంటుంది, పాత ఫలితాలు తెచ్చి పక్కన పెడుతుంది. నోరున్న పరికరం అబద్ధం చెబితే ఆ అబద్ధం నేరుగా సర్టిఫికెట్లోకి ఎక్కుతుంది.

బాబాయి: ప్లేటు మీద ఉన్న నంబరే చెప్పిస్తే అబద్ధం ఎలా అవుతుంది?

అమ్మాయి: నంబరు అంటే పేరొక్కటే అనుకుంటున్నావు. పాత హెచ్‌పీ ప్లేటు చూడు. 2823ఎ అని మొదలైందనుకో. మొదటి రెండంకెలకు 1960 కలుపు, 1988 వస్తుంది. తర్వాతి రెండూ ఆ ఏడాదిలో 23వ వారం. ఎ అంటే అమెరికా, జె అయితే జపాన్, జి అయితే జర్మనీ. ఆ ముందు నాలుగంకెలూ ప్రతి వారమూ మారేవి కావు. డిజైనులో చెప్పుకోదగ్గ మార్పు జరిగినప్పుడే మారేవి. అందుకే వాళ్ల మాన్యువల్ మొదట్లోనే ‘ఈ పుస్తకం ఫలానా అంకెలతో మొదలయ్యే పరికరాలకు’ అని ఉంటుంది. అంతకు ముందువాటికి ఏమేం తేడాలో వేరే పట్టిక ఇస్తారు. టెక్‌ట్రానిక్స్ విడిభాగాల జాబితాలోనూ అంతే, ఏ భాగం ఏ సీరియల్ నంబరు నుంచి ఏ నంబరు దాకా వాడారో రెండు గళ్లలో వేశారు. లోపల ఏముందో మూత విప్పకుండా చెప్పే ఆధారం ఆ నంబరు. పాత పెట్టెలో కొత్త తరం బోర్డు వేసి ఊరుకుంటే, నీ తర్వాత దాన్ని విప్పేవాడు తప్పుడు సర్క్యూటు ముందేసుకుని రాత్రంతా కూర్చుంటాడు.

బాబాయి: అలా కూర్చున్నవాళ్లను చూశాను, కాదనను. అయితే ఆ ముడి నంబరు మార్చితే విడిపోదు. బోర్డుకు దాని సొంత పార్ట్ నంబరు, రివిజన్ ముద్ర ఉంటాయి. ఏం వేశానో ఒక చీటీ రాసి మూత లోపల అంటిస్తే చాలు.

అమ్మాయి: ఎంతమంది అంటిస్తున్నారు?

బాబాయి ఈ ప్రశ్నకు వెంటనే జవాబివ్వలేదు. ఇచ్చి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పనే ఉండేది కాదు. మన రిపేరు బెంచీల మీద నైపుణ్యానికి లోటు లేదు. చేసిన పని కాగితం మీద పెట్టడమే లోటు.

బాబాయి: చరిత్ర, చరిత్ర అంటావు. ఆ చరిత్ర ఎక్కడుంటుందో తెలుసా? హెచ్‌పీ 3458ఎ విప్పి చూపిస్తాను రా. ఎనిమిదిన్నర అంకెల మీటరు. దాని కంట్రోలర్ బోర్డు మీద నల్లగా, మిగతా చిప్పులకంటే ఎత్తుగా ఒక ముక్క కనిపిస్తుంది. డాలస్ కంపెనీ డీఎస్1220. ఎత్తు ఎందుకంటే మెమరీ చిప్పు మీదనే లిథియం బ్యాటరీ పెట్టి ఎపాక్సీతో మూసేశారు. సమాచారం పదేళ్లు నిలుస్తుందని చెప్పి అమ్మారు. మీటరు ప్రాణం, అదే కాలిబ్రేషన్ స్థిరాంకాలు, అందులో ఉంటాయి. బ్యాటరీ అయిపోయిందంటే మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. అందుకని బ్యాటరీ చావకముందే దాన్ని జాగ్రత్తగా ఊడదీసి, ప్రోగ్రామర్‌లో పెట్టి లోపలిదంతా చదివి, కొత్త చిప్పులోకి ఎక్కించి సాకెట్లో పెడతాం. ఒక్క బైటు తేడా రాకూడదు. ఇప్పుడు చెప్పు, మెమరీ మారింది, కంట్రోలర్ బోర్డు మొత్తం మార్చినా ఆ సమాచారం అలాగే తెస్తాను. మీటరు కొలతలో పిసరంత మార్పుండదు. ఇది పాత మీటరా, కొత్త మీటరా?

అమ్మాయి: పాతదే. ఒప్పుకుంటాను. అయితే అదే మీటర్లో ఇంకో చిన్న బోర్డుంది, ఎ9. వోల్టేజి రిఫరెన్స్ ఉండేది అందులో. అది పాడై వేరేది వేశావనుకో. ప్లేటు మారలేదు, మెమరీ చిప్పు మారలేదు, కంట్రోలర్ మారలేదు. కానీ మీటరు దేన్ని ఆనుకుని కొలుస్తుందో అదే మారిపోయింది. ఏడాదికి ఎన్ని పీపీఎం, అంటే పది లక్షల్లో ఎన్ని భాగాలు, జరుగుతోందని ఇన్నాళ్లూ నేను గీసిన గీత అక్కడ తెగిపోయింది. దాని స్పెసిఫికేషనే ఏడాదికి 8 పీపీఎం, మెరుగైన రకానికి 4. పాత రిఫరెన్సు ఎటు జరిగేదో, కొత్తది అటే జరుగుతుందని ఎవరు చెప్పగలరు? రెండు కాలిబ్రేషన్ల మధ్య ఎన్నాళ్లుండాలో పాత ఫలితాలు చూసి నిర్ణయించుకోమంటుంది ఐలాక్ జీ24 మార్గదర్శి. తెగిన గీతను అతికించి చూపితే ఆ నిర్ణయమే తప్పవుతుంది.

బాబాయి: చూశావా? నువ్వే నా మాటకొచ్చావు. నంబరు ఉన్న బోర్డు మారినా కొలత మారకపోవచ్చు. నంబరుతో సంబంధం లేని బోర్డు మారితే కొలత మారిపోవచ్చు. మరి నంబరు రాయడం మీద ఇంత రాద్ధాంతం ఎందుకు?

అమ్మాయి: నంబరు రాశాక జనం ఇక అడగడం మానేస్తారు గనక. సున్నాలు కనిపిస్తే ‘ఇదేంటి’ అని ఎవరో ఒకరు అడుగుతారు. సరైన నంబరు కనిపిస్తే లోపల అన్నీ సరిగానే ఉన్నాయనుకుంటారు. స్పెక్ట్రమ్ ఎనలైజర్ల సంగతి నీకు నాకంటే బాగా తెలుసు. హెచ్‌పీ 8590 వరసలో ఫ్రీక్వెన్సీ మారినకొద్దీ వచ్చే ఎగుడుదిగుళ్లను సరిచేసే అంకెలు ప్రాసెసర్ బోర్డు మెమరీలో ఉంటాయి. ఆ ఎగుడుదిగుళ్లు మాత్రం వేరేచోట, ఆర్ఎఫ్ భాగంలో, పుడతాయి. ఇంకో ఎనలైజరులోంచి తీసిన ప్రాసెసర్ బోర్డు వేస్తే, ఆ అంకెలు వేరే ఆర్ఎఫ్ భాగానివి. తెర మీద అంతా చక్కగా ఉంటుంది, చదివే డెసిబెల్సు తప్పు. పైగా నువ్వు నంబరు కూడా సరిచేసి పెట్టావు!

బాబాయి: అలా చేసేవాడు మెకానిక్కే కాదు. బోర్డు తీసే ముందు ఆ అంకెలు కాగితం మీద రాసుకోవాలి. బోర్డు పూర్తిగా చచ్చి చదవలేకపోతే పవర్ మీటరు, సిగ్నల్ జనరేటరు పెట్టి మొదటినుంచీ కొలిచి ఎక్కించాలి. నేను అలాగే చేస్తాను.

అమ్మాయి: నువ్వు చేస్తావు. నా ముందున్న పరికరం నీ దగ్గర్నుంచి వచ్చిందో, వేరేవాడి దగ్గర్నుంచి వచ్చిందో ఆ నంబరు చెప్పదుగా.

బాబాయి: పోనీ, నీ మాట ప్రకారం నంబరు రాయకుండా వదిలేస్తాననుకో. తుక్కులో కొన్న పరికరంలోంచి బోర్డు తీశాను. అందులో ఆ తుక్కు పరికరం నంబరుంది. దాన్నే ఉంచనా? కాలేజీవాళ్ల స్టాకు తనిఖీకి వచ్చినాయన ప్లేటు ఒకటి, తెర మరొకటి చూసి, ఇది మన పరికరం కాదు, ఎవరో మార్చేశారని రాస్తాడు. పాపం ల్యాబు అసిస్టెంటు మెడకు చుట్టుకుంటుంది. కొన్ని పరికరాలు విదేశానికి రిపేరుకు వెళ్లొస్తాయి. వెళ్లిన వస్తువే తిరిగొచ్చిందని కస్టమ్స్ అధికారికి నమ్మకం కుదిరితేనే సుంకం రాయితీ. చూసేది ఈ నంబరే. ఇంకా చెప్పనా? ఆప్షన్లు. సీరియల్ డేటా విడమర్చి చూపే ఆప్షను, బ్యాండ్‌విడ్త్ పెంచే ఆప్షను, వీటి తాళంచెవులు చాలా పరికరాల్లో సీరియల్ నంబరుకు ముడిపెట్టి ఇస్తారు. నంబరు మారితే డబ్బు పోసి కొన్నవి ఒక్కటీ తెరుచుకోవు. అది ఖాతాదారుడి సొత్తు. పాత నంబరు రాస్తే ఆయన సొత్తు ఆయనకు దక్కుతుంది.

అమ్మాయి: వేరే పరికరం నంబరు అలాగే ఉంచడం అన్నిటికంటే తప్పు. అందులో నీతో ఏకీభవిస్తాను. ఒకే నంబరు చెప్పే పరికరాలు రెండు తయారవుతాయి. కానీ ఆప్షన్ల మాట తెచ్చావు గనక అడుగుతున్నాను. నువ్వు న్యాయంగా తెరిచే తలుపులోంచే దొంగ కూడా వస్తాడు. ఆప్షన్లన్నీ ఉన్న పరికరం నంబరు తెచ్చి, ఏ ఆప్షనూ లేనిదాంట్లో రాసి, ఎక్కువ ధరకు అమ్మేవాడిని ఎలా ఆపుతావు? అందుకే కొందరు తయారీదారులు నంబరు ఒక్కసారే రాయనిస్తారు. తర్వాత తాళం పడిపోతుంది.

బాబాయి: ఆ ఒక్కసారిలో సున్నా బదులు ‘ఓ’ కొట్టినవాడి గతేంటి? తుక్కులోంచి తీసిన మంచి బోర్డు గతేంటి? కొత్త బోర్డు అమ్మడం మానేసిన మోడళ్లు ఎన్నో ఉన్నాయి. జిల్లాల్లో కాలేజీలకు ఇలాంటి పరికరం మళ్లీ కొనే స్తోమత ఎక్కడిది? ఒక బోర్డు పోయిందని, ఇంకా ఇరవై ఏళ్లు పనిచేసే స్కోపును మూలన పడేసి, పిల్లలకు బొమ్మల్లో తరంగాలు చూపించమంటావా? నీ దొంగను ఆపడానికి నా కాలేజీ పిల్లల్ని ఆపకు.

అమ్మాయి: ఆపమనను. తాళం వద్దు, జాడ కావాలి. మన బండి ఆర్‌సీ చూడు. చాసిస్ నంబరు వేరే గడిలో, ఇంజను నంబరు వేరే గడిలో ఉంటాయి. ఇంజను మార్చితే ఆర్టీఏకు చెప్పి ఆ గడి మార్పించుకోవాలి. బండి మాత్రం అదే బండి. పరికరాల్లోనూ రెండు గళ్లుండాలి. బోర్డుకు చెరగని సొంత నంబరు ఉండటం కష్టం కాదు. డాలస్ వాళ్లే డీఎస్2401 అని చిన్న చిప్పు చేశారు. 64 బిట్లు లేజరుతో రాసేస్తారు, ఆపై ఎవరూ మార్చలేరు. బోర్డుకు అలాంటిది, పరికరానికి మార్చుకోగల నంబరు, దాన్ని ఎన్నిసార్లు మార్చారో పెరుగుతూ పోయే లెక్క. నీ 34401ఎలో కాలిబ్రేషన్‌కు అలాంటి లెక్క ఉందిగా!

బాబాయి: ఉంది. సవరించిన ప్రతి బిందువుకూ ఒకటి పెరుగుతుంది. మీటరు కొత్తగా చేతికి రాగానే అదెంతుందో చదివి రాసిపెట్టుకోమని మాన్యువల్లోనే ఉంది. మధ్యలో ఎవరైనా చెయ్యిపెడితే తెలిసిపోతుంది. అదే పద్ధతి నంబరుకూ పెడితే నాకు అభ్యంతరం లేదు. నేను రాసింది నేనే రాశానని చెప్పుకోవడానికి నాకు భయం దేనికి?

అమ్మాయి: అది వచ్చేదాకా ఆ జాడ కాగితం మీద పెట్టు. ఐఎస్‌ఓ/ఐఈసీ 17025 ప్రమాణం 2017 కూర్పులో 6.4.13 అని ఒక అంశముంది. పరికరం సీరియల్ నంబరు లేదా మరో ప్రత్యేక గుర్తింపు, దాని సాఫ్ట్‌వేర్ వెర్షన్, దానికి జరిగిన నష్టం, మార్పు, రిపేరు వివరాలు ల్యాబు దగ్గర రాసి ఉండాలంటుంది. నంబరూ రిపేరూ ఒకే జాబితాలో అడిగారు బాబాయ్, ఒకటి ఇచ్చి ఇంకొకటి దాచడానికి లేదు. రిపేరుకు ముందు కొలతలు, తర్వాతి కొలతలు ఉంటే రెండూ సర్టిఫికెట్లో చూపమని కూడా అదే ప్రమాణం చెబుతుంది. నువ్వు బోర్డు విప్పే ముందు, పనిచేస్తున్నంత మేరకైనా, ఒకసారి నా దగ్గరికి పంపితే ఆ గీత ఎక్కడ తెగిందో నాకు తెలుస్తుంది.

బాబాయి: చచ్చిన పరికరాన్ని ఏం కొలుస్తావు?

అమ్మాయి: కొలవలేకపోతే, కొలవలేకపోయామని రాస్తాను. అది కూడా నిజమే కదా.

వీళ్ల వాదన ఇక్కడికి ఆగింది. తెగిందని చెప్పను. తాళం అక్కర్లేదన్న బాబాయి మాట ఆయన బెంచి అనుభవం, జాడ లేకుండా ఒప్పుకోనన్న అమ్మాయి మాట ఆమె ఉద్యోగ ధర్మం. నా తీర్పు అడిగితే, నంబరు రాయాలా వద్దా అన్నచోట బాబాయి పక్షం. పెట్టె మీద ఉన్న నంబరే లోపలా ఉండాలి. సున్నాలతోనో, పరాయి నంబరుతోనో పరికరాన్ని బయటికి పంపడం సగం పని. అయితే ఆ నంబరుతో పాటు పాత సర్టిఫికెట్ కూడా బతికొచ్చిందనుకోవడం దగ్గర నేను పూర్తిగా అమ్మాయి పక్షం. కొలతను ప్రభావితం చేసే బోర్డు మారిన రోజే ఆ సర్టిఫికెట్ చెల్లకుండా పోయింది. నంబరు ఎంత సరిగ్గా రాసినా దాన్ని తిరిగి తేలేదు.

రిపేరు చేసే మిత్రులకు ఒక విన్నపం. స్క్రూడ్రైవరు పట్టుకునే ముందు, పరికరానికి ఇంకా మాట ఉంటే, నువ్వెవరని అడిగి ఆ జవాబు యథాతథంగా జాబ్ కార్డులో రాయండి. వెనక ప్లేటు ఫోటో తీయండి. చదవగలిగినంత కాలిబ్రేషన్ మెమరీని కాపీ చేసి పెట్టుకోండి. తీసిన బోర్డు, వేసిన బోర్డు, రెండింటి పార్ట్ నంబర్లూ రివిజన్లూ రాయండి. బోర్డు ఇంకో పరికరం నుంచి తెచ్చిందైతే ఆ పరికరం నంబరు కూడా రాసి, దాని ఖాళీ పెట్టెను ఆ ప్లేటుతో ఎవరికీ అమ్మకండి. పరికరం వాడే ల్యాబులకు ఇంకో మాట. రిపేరు నుంచి వచ్చినదాన్ని తెర మీద నంబరు చూసి తీసుకోకండి, జాబ్ కార్డు అడిగి తీసుకోండి. కాలిబ్రేషన్ అయ్యేదాకా దానిమీద ‘వాడరాదు’ స్టిక్కరు ఉంచండి.